గుల్ల సున్నం మేస్త్రి

"సార్, నాయన పొయినాడు. పొద్దున్నే ఆరింటికి" అని మేస్త్రి కూతురు ఫోన్ చేసింది. నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు. "చూసేదానికి వస్తారేమోనని చెప్తుండా. ఉన్నప్పుడు రాలేదు గదా, ఇప్పుడైనా" అని పెట్టేసింది.

వెళ్లాను. ఇందుకూరుపేట దాటి, మైపాడు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వాళ్ల ఊరు. వాకిట్లో టార్పాలిన్ కింద బెంచీ మీద పడుకోబెట్టారు. దవడకు గుడ్డ కట్టారు. గుడ్డ కింద ఒక చెంప పూర్తిగా లోపలికి పోయి ఉంది. మనిషి సగమయ్యాడు. చేతులు మాత్రం మారలేదు. పని మానేసి ఇన్ని నెలలైనా, గోళ్ల చుట్టూ సున్నం తిన్న చర్మం తెల్లగా పగిలే ఉంది. దండ వేసి, రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాను. ఆయన భార్య మూల కూర్చుని నా వంక చూసింది. చెవి దగ్గర గట్టిగా అరిస్తే తప్ప ఆమెకు వినపడదు. అందుకు ఆ రోజు లోపల్లోపల సంతోషించాను.

మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. చారిత్రక భవనాన్ని కాపాడడంలో "పాలుపంచుకున్న" తాపీ మేస్త్రి మృతి అని. పాలుపంచుకున్నాడట. పెళ్లిలో వడ్డన చేసిన వాడికి కూడా అదే మాట వాడతారు.

తర్వాత ఆ భవనం వరండాలోనే సంతాప సభ పెట్టారు. మా పరిరక్షణ సంఘం కార్యదర్శి నలభై నిమిషాలు మాట్లాడాడు, ముప్పై అయిదు నిమిషాలు తన గురించి. రిటైరైన తెలుగు ప్రొఫెసరు ఒకాయన చెమట చుక్క మీద గేయం చదివాడు. గేయం చివరికి వచ్చేసరికి చెమట చుక్క ముత్యమైపోయింది. మేస్త్రి ఉంటే ఆ ముత్యంలో ఉప్పెంత ఉందో ముందు అడిగేవాడు. అధ్యక్షుణ్ని కాబట్టి చివర్లో నేను మాట్లాడాను. అన్నీ మంచి మాటలే మాట్లాడాను. చెప్పవలసిన మాట ఒకటి మింగేశాను. నాకు డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడు చెప్పకపోతే చెప్పడానికి ఇంకొకరు లేరు.

ఈ పత్రిక చదివే మీలో కొందరు ఆ ఇల్లు చూసే ఉంటారు. ఉప్పు కచ్చేరీ అంటారు దాన్ని. పేరే గానీ అది పెద్ద కట్టడమేమీ కాదు. రెండు గదులు, ముందు వరండా, పైన మిద్దె. తెల్లదొరల కాలంలో ఉప్పు మళ్లకు కాపలా ఉన్న అధికారి అందులో కాపురం ఉండేవాడు. పన్ను కట్టకుండా దోసెడు ఉప్పు ఎత్తుకున్న వాళ్లను వెనక గదిలో కట్టేసేవాడు. కట్టేసిన ఇనుప కడియం గోడలో ఇంకా ఉంది. చూడ్డానికి వచ్చిన వాళ్లు దాన్ని పట్టుకుని ఫొటోలు దిగుతారు.

మూడేళ్ల కిందట దాన్ని పడగొట్టడానికి బుల్డోజర్ వచ్చింది. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయనకు ఆ స్థలంలో ఐసు ఫ్యాక్టరీ కావలసి వచ్చింది. ఇల్లు శిథిలమైపోయిందని ఒక ఇంజినీరు కాగితం రాసిచ్చాడు. శిథిలమేనని ఊరి పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. అందులో మొదటి సంతకం ఎవరిదనుకున్నారు? ఇవాళ ఆ ఇంటిని తానే కాపాడానని సభల్లో చెప్పుకునే మా కార్యదర్శిది. ఆ కాగితం నకలు నా బీరువాలో ఉంది. కావలసిన వాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

ఆ ఉదయం ఇంటి ముందు కాగితాలు పట్టుకుని నిలబడింది నేను ఒక్కణ్నే. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ని, నా దగ్గర కాగితాలు తప్ప ఏముంటాయి? ఇంజినీరు వాటిని చదవలేదు.

"గోడలు వదులైపోయాయి మాస్టారూ. చెయ్యేస్తే రాలిపోతాయి. ఎవరి మీదన్నా పడితే మీరు జవాబు చెప్తారా?" అన్నాడు.

పక్క సందులో ఎవరి ప్రహరీకో సిమెంటు పూస్తున్న మేస్త్రి, తాపీ చేతిలో ఉండగానే చూడ్డానికి వచ్చి నిలబడ్డాడు. అంతకు ముందు నాకు ఆయన ముఖం తెలియదు.

"చెయ్యేస్తే రాలతాయా సార్?" అని అడిగాడు ఇంజినీరుని.

"చెప్తున్నా కదయ్యా."

"అయితే ఒక ఇటిక తీయించండి. ఒకటే. ఊడొస్తే ఇల్లంతా నేనే పడగొడతా, కూలి కూడా అడగను."

ఇంజినీరు నవ్వి, గడ్డపార పట్టుకున్న కూలీకి సైగ చేశాడు. ఆ మనిషి గట్టివాడే. ఇటుకల మధ్య సందు చూసి పొడిచాడు. పది పోట్లకు ఇటుక పగిలింది, ముక్కలుగా రాలింది గానీ చుట్టూ ఉన్న సున్నం వదల్లేదు. ఇంకో ఇటుక, ఇంకో చోట. అంతే. చేపల గంపలు దించి చూస్తున్న ఆడవాళ్లకు హుషారొచ్చింది.

"ఏమబ్బయా, పొద్దున సద్దన్నం తినకుండా వచ్చినావా?"

"వాణ్ణేమనబాకండే, పాపం. ఇల్లే వాణ్ణి పడగొట్టేట్టుండాది!"

ఒంటిగంటకు కూలీ గడ్డపార పారేసి నీళ్లు అడిగాడు. ఒక్క ఇటుక కూడా నిండుగా బయటికి రాలేదు. బుల్డోజర్ ఆ పూటకు ఆగింది. జరిగింది జరిగినట్టు రాసి, అక్కడున్న పదహారు మంది చేత వేలిముద్రలు వేయించి కలెక్టరుకు పంపాను. ఐసు ఫ్యాక్టరీ ఇంకో చోటికి పోయింది. ఆ ఇల్లు నిలబడింది నా వ్యాసాల వల్ల కాదు, కార్యదర్శి పలుకుబడి వల్ల అసలే కాదు. ఒక ఇటుక ఊడదీయండి అని అడగడం తెలిసిన మనిషి వల్ల.

వారం తర్వాత ఆయనే మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"కాపాడినారు, బాగుండాది. వానొస్తే కారతాది. బాగుచేసేది ఎవురు?"

"నువ్వే చెయ్యి మేస్త్రీ."

"చేస్తా. సిమెంటుతో అయితే చెయ్యను. ఆ గోడల్లో నూరేళ్ల ఉప్పుండాది సార్. గోడకి చెమట పడతాది. చెమట పొయ్యేదానికి దారుండాల. సిమెంటు పూస్తే దారి మూసేసినట్టే. ఉప్పు లోపల్లోపల ఇటికని తినేస్తాది, పైకి రంగు బాగానే కనపడతాది. తాతల నాటి గుల్ల సున్నమే పూయాల."

చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నాడట ఆ పని. తర్వాత దాన్ని అడిగిన వాడు లేడు. "నలభై ఏండ్లు సిమెంటు పూసినా, కూటికి. ఇదొక్కటి నా పని చేసుకోనియ్యండి" అన్నాడు. ఆయన నన్ను కోరిన కోరిక బతుకు మొత్తానికి అదే.

గుల్ల సున్నం అంటే పులికాట్ సరస్సు అడుగు నుంచి తీసిన గుల్లల్ని కాల్చి చేసే సున్నం. దాని కోసం ఆయనా నేనూ బస్సెక్కి దొరవారిసత్రం దాకా పోయాం. అక్కడి నుంచి ఆటోలో సరస్సు ఒడ్డుకు. బట్టీ ఒకటే మిగిలింది. బట్టీ ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఇప్పుడెవురికి సామీ సున్నం? అందరూ రంగు డబ్బాలు కొంటా ఉండారే?"

"ఒక ముసలి ఇంటికి అక్కా" అన్నాడు మేస్త్రి.

"ఇల్లు ముసలిదా, నువ్వా?"

"ఇద్దరం. ఎవురు ముందు పోతారో పందెం ఏసుకోనుండాం."

ముసలమ్మ నవ్వి, బట్టీలోంచి ఒక గుల్ల తీసి ఇచ్చింది. ఆయన దాన్ని విరిచి, పొడిని వేలికి అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుని కాసేపు ఆగాడు. "సరిగ్గా కడగలా. ఇంకా ఉప్పుండాది. మళ్లీ కడిగి కాల్చాల" అన్నాడు. ముసలమ్మ తిట్టింది, ఆయన తిట్టాడు, చివరికి ఇద్దరూ ఒకే పొట్లంలో పొగాకు పంచుకున్నారు.

ఆయన పరికరాల్లో అన్నిటికన్నా నమ్మకమైనది ఆ నాలుక. మా తీరంలో ఏ బావి తవ్వినా ఉప్పు నీళ్లే. పనికి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. ప్రతి ట్యాంకరు దగ్గరికీ పోయి దోసెడు తాగి చూసి గానీ దించనిచ్చేవాడు కాదు. "ఈ నీళ్లకి పప్పు ఉడకదు, సున్నం యాడ ఉడుకుతాది? తోలుకుపో" అని నిండు ట్యాంకరు తిప్పి పంపిన రోజులున్నాయి. ఇసుక నాకి చూసేవాడు. పూసే ముందు గోడను వేలితో తడిమి ఆ వేలు నాకి చూసేవాడు. కార్యదర్శి ఇది చూసి "గోడలు నాకే మేస్త్రి" అని పేరు పెట్టాడు. సంతాప సభలో ఆ పేరు చెప్పలేదు లెండి.

వెనక దొడ్లో గానుగ కట్టించాడు. గుండ్రటి కాలవ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేదాకా తిప్పేవాడు. కరక్కాయలు, బెల్లం ఊరేసిన నీళ్లు పోసి రోజుల తరబడి నానబెట్టేవాడు. పూత మీద పూతకు నడుమ ఎన్ని రోజులు ఆగాలో గోడను తట్టి చెప్పేవాడు. ఎప్పటికవుతుందని నేనడిగితే, "సున్నాన్ని తొందరపెట్టే మొనగాడు ఇంకా పుట్టలా సార్" అనేవాడు. నేను సున్నం మీద దొరికిన పుస్తకాలన్నీ తెప్పించి చదివాను. చదివింది ఆయనకు చెప్తే విని, "అవును, రాసినాయన గోడ చూసినట్టే ఉండాడు" అనేవాడు. నాకు ఆ మాట డాక్టరేటు ఇచ్చినట్టుండేది.

పొగాకు, సున్నం ఎప్పుడూ చెంపలో ఉండేవి. మానమని తిట్టేవాణ్ని. "గోడలకేనా సార్, లోపల కూడా ఒక పూత పడనియ్యండి" అని నవ్వేవాడు.

ముందు గది అయింది. మిద్దె అయింది. ఒక రోజు ట్యాంకరు దగ్గర నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పా అని అడిగాను. "తెలీడంలా. మండతా ఉండాది" అన్నాడు. నోరు తెరిపించి చూశాను. నాలుక పక్కన తెల్లగా పుండు. ఆస్పత్రికి పొమ్మంటే, ఇంకో పూత అయినాక అన్నాడు. అది అయ్యాక ఇంకోటి. అలా నాలుగు నెలలు పోయాయి. బలవంతంగా పంపలేదు నేను. పని సాగుతోంది కదా అనుకున్నాను. ఇది కూడా నా ఖాతాలోదే.

చివరికి గూడూరులో రైలెక్కి కూతురితో మద్రాసు ఆస్పత్రికి పోయేటప్పుడు నాకు ఒకటే అప్పజెప్పాడు. "వెనక గదీ, వరండా గోడా మిగిలినాయి. నేనొచ్చి చేస్తా. పూత లేకుండా పచ్చిగానే వదిలేయండి. ఎవుర్నీ ముట్టనియ్యబాకండి."

"ముట్టనివ్వను" అన్నాను.

క్యాన్సరని ఆయనకు నాలుక తీసేసిన వారానికి మంత్రిగారి పర్యటన ఖాయమైంది. ఇంటిని ఆయన చేత తెరిపించాలన్నాడు కార్యదర్శి. ఇంజినీరు వచ్చి కొలిచాడు. ఇటుక ఊడదీయించలేకపోయిన ఆ ఇంజినీరే, ఇప్పుడు మా సంఘానికి సలహాదారు. "సిమెంటు కొట్టి రంగు వేస్తే రెండ్రోజుల పని మాస్టారూ. మీ మేస్త్రి ఎప్పుడొస్తాడు, అసలు వస్తాడా?" అన్నాడు.

అధ్యక్షుడి సంతకం కావాలి. పెట్టాను.

తెలియక పెట్టానని చెప్పుకునే దారి నాకు లేదు. ఆ గోడ మీద సిమెంటు పడితే ఏమవుతుందో ఆ ఊళ్లో మేస్త్రి తర్వాత తెలిసిన వాణ్ని నేనే. కానీ శిలాఫలకం చెక్కించడం అప్పటికే అయింది, అందులో అధ్యక్షుడిగా నా పేరుంది. జీవితమంతా పక్కవాళ్ల పేర్లు రాళ్ల మీద చదివి చరిత్ర చెప్పిన వాణ్ని. నా పేరున్న రాయి మీద గుడ్డ తీస్తుంటే చూడాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఆ రాతి మీద పదకొండు పేర్లున్నాయి. మేస్త్రి పేరు లేదు.

రెండు నెలల తర్వాత ఆయన తిరిగొచ్చాడు. ముక్కులోంచి గొట్టం, మెడ చుట్టూ తువ్వాలు. మాట పోయింది. సిమెంటు సంగతి ఇంటి దగ్గరే విన్నాడట, వారం తిరక్కుండా కచ్చేరీకి వచ్చాడు. అప్పుడు వరండాలో కార్యదర్శి, ఇంజినీరు, పై ఊరి నుంచి వచ్చిన ఇద్దరు అతిథులు, నేను టీ తాగుతున్నాం. ఆయన ఎవర్నీ చూడలేదు. గోడ దగ్గరికి పోయి పసుపు రంగు మీద వేలి కణుపుతో తట్టాడు. కింద, నడుమ, పైన. వెనక గదిలోకి పోయి అక్కడా తట్టాడు. బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

గోడ కింది భాగంలో అప్పటికే రంగు పొంగి ఉంది. ఆయన అక్కడ వేలు రాసి, అలవాటుగా నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాడు. ఆ వేలు చూపించాడు. తర్వాత నన్ను చూపించాడు. నా నోటిని చూపించాడు.

"ఏందంట? మిమ్మల్ని కూడా గోడ నాకమంటా ఉండాడా మాస్టారూ?" అన్నాడు కార్యదర్శి. అతిథులు నవ్వారు.

నేను లేచాను. వంగి వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాను. సముద్రం నీళ్లు మింగినట్టుంది. నోరంతా ఉప్పు మంట. మేస్త్రి నా కళ్లలోకి చూస్తున్నాడు. ఉప్పుందంటే, సిమెంటు అంతా చెక్కించాలి. వానలు రాకముందే చెక్కించాలి. ఎవరు పూయమన్నారు అని అతిథుల ముందు అడుగుతాడు ఆ కళ్లతో.

"ఉప్పు లేదు మేస్త్రీ" అన్నాను.

ఆయన తలూపాడు. అరచెయ్యి గోడకు ఆనించి, ఎద్దును నిమిరినట్టు ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

అబద్ధం పట్టుకున్నాడనే అనుకున్నాను. అందుకే తర్వాత మూడు నెలలూ ఆయన ఇంటి వైపు పోలేదు. ఈలోగా రెండు వాయుగుండాలు వచ్చాయి. వెనక గదిలో కడియం చుట్టూ సిమెంటు పళ్లెమంత పెచ్చుగా ఊడిపడింది. దాంతోపాటు లోపలి ఇటుక పిండిలా రాలింది. గడ్డపార పోటుకు లొంగని గోడ అది. కార్యదర్శిని అడిగితే, "మళ్లీ సిమెంటు కొట్టిద్దాం" అన్నాడు. గుల్ల సున్నం పూయడం తెలిసిన మనిషి ఈ తీరంలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. వెతికాను, దొరకలేదు.

పెద్దదినం అయిన మూడో రోజు కూతురు మళ్లీ ఫోన్ చేసింది. వాళ్లమ్మ ఆ ఇల్లు చూస్తానంటోందట. మొగుడు ఏడాదికి పైగా అక్కడ పనిచేసినా ఆమె ఏనాడూ లోపలికి రాలేదు. గేటు దాకా క్యారియరు తెచ్చి ఇచ్చి పోయేది.

ఇద్దరూ ఆటోలో వచ్చారు. గదులు చూపించాను. ముందు గదిలో, మేస్త్రి చేతి పూత అద్దంలా ఉన్నచోట, ఆమె అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. వెనక గది తలుపు నేను తియ్యలేదు. నడిచిన అలసటకు ఆమె వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు వినపడదు గనక అక్కడే కూతురితో చెప్పాను. సంతకం సంగతీ, నాలుక మీద ఉప్పు సంగతీ, లేదన్న సంగతీ.

కూతురు తిడుతుందనుకున్నాను. తల వంచుకుని అంది.

"ఆ పొద్దు ఇంటికొచ్చి పలక మీద రాసి చూపించినాడు సార్. 'సారు చూసినాడు, ఉప్పు లేదు' అని. మద్రాసు నించి వచ్చినాక ఆ పొద్దే నిద్రపొయినాడు. అంతకు ముందు రాసి రాసి నన్ను పోరతానే ఉండె, మనుషుల్ని పిలువు, సిమెంటు చెక్కించాల, నేను పక్కన కూచోని చూపిస్తా అని. ఆ పొద్దుతో మానేసినాడు."

"నమ్మాడా?"

"మీరు చదువుకున్నోళ్లు గదా" అంది.

ఆయనకు ఆఖరి మూడు నెలలు నిద్రనిచ్చానని సర్దుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే గోడ పోయింది, గోడను బతికించగలిగిన మనిషీ పోయాడు.

ఆటోవాడు హారన్ కొట్టాడు. తల్లిని లేపడానికి కూతురు చెయ్యి పట్టుకుంది. ఆమె లేచి వెనక్కి తిరిగేసరికి నల్లచీర వీపంతా తెల్లగా ఉంది. పొంగిన రంగు చిట్లి, లోపలి ఉప్పు పిండిలా అంటుకుంది. కూతురు దులపబోయి, వేళ్లకు అంటిన దాన్ని చూసుకుంది, నా మొహం చూసింది.

వీపు మీద చెయ్యి తగిలి ముసలామె తల తిప్పింది. "ఏందే అది?"

"సున్నమమ్మా" అంది కూతురు, ఆమె చెవి దగ్గర గట్టిగా. "నాయన పూసిన సున్నం."

ముసలామె కూతురి చేతిని పక్కకు నెట్టింది. "అయితే దులపబాక. ఉండనీ."

కొంగు కూడా వీపు మీదికి లాక్కోకుండా మెల్లగా మెట్లు దిగి, అది రాలిపోతుందని సీటుకు ఆనకుండా ముందుకు వంగి ఆటోలో కూర్చుంది. రోడ్డు మలుపు దాకా ఆమె అలాగే కూర్చుని ఉంది.